ముహూర్తాల్లేని నెలలే మూలధనం

పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు ఆదాయం పంచాంగం చూసి వస్తుంది. కెమెరా కోసం చేసిన అప్పు కిస్తీ మాత్రం నెలనెలా తారీఖు చూసి వస్తుంది. ఆషాఢమని బ్యాంకు ఆగదు. మూఢమని ఇంటద్దె ఆగదు. స్టూడియోలో జీతం మానుకుని సొంతంగా కెమెరా భుజాన వేసుకున్న కుర్రాళ్లలో చాలామంది ఫొటోలు బాగానే తీస్తారు. ఈ రెండు క్యాలెండర్ల మధ్యే నలిగిపోతారు.

బయటివారికి ఈ పని మహా జోరుగా కనిపిస్తుంది. మాఘమో వైశాఖమో వచ్చిందంటే చేతినిండా పెళ్లిళ్లే. అబ్బాయి తెల్లవారుజామున ఇంటికొచ్చి, రెండు గంటలు కునుకు తీసి, మళ్లీ బ్యాగు సర్దుకుంటాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి కొత్త లెన్సు, ఆ వెనకే డ్రోను కొనేస్తాడు. రెండు నెలలు తిరిగేసరికి ఫోను మోగడం ఆగిపోతుంది. 'ఇంతకన్నా ఏదైనా ఉద్యోగం చూసుకోకూడదూ' అనే మాట ఇంట్లో అప్పుడే మొదలవుతుంది. ఆ మాట పడకుండా ఉండాలంటే సీజన్‌లో కష్టపడితే చాలదు. సీజన్ లేనప్పటి సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఉగాదినాడే ఏడాది లెక్క

ఉగాది పంచాంగ శ్రవణంలో అందరూ ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వింటారు. ఫొటోగ్రాఫర్ చూసుకోవాల్సింది ముహూర్తాల పట్టిక. ఆషాఢ, భాద్రపద, పుష్య మాసాల్లో మామూలుగా పెళ్లిళ్లు పెట్టుకోరు. అధికమాసం వస్తే మరో నెల పోయినట్టే. 2023లో ఆషాఢం వెనకే అధిక శ్రావణం రావడంతో వరసగా రెండు నెలలు బాజాలు మోగలేదు. 2026లో అధిక జ్యేష్ఠం. ఇవికాక గురు, శుక్ర మూఢాలు. 2024లో ఏప్రిల్ చివర మొదలైన మూఢం జులై మొదటి వారం దాకా సాగింది. ఆ వెంటనే ఆషాఢం. అంటే వేసవి సెలవుల పెళ్లిళ్ల మీద ఆశ పెట్టుకున్నవారికి మూడు నెలలు దాటి ఖాళీ.

ఇవేవీ హఠాత్తుగా వచ్చిపడేవి కావు. ఉగాది నాటికే అచ్చయి చేతికొస్తాయి. ఒక పెద్ద కాగితం మీద పన్నెండు గడులు గీసి, ముహూర్తాలు ఎక్కువున్న నెలలు, తక్కువున్న నెలలు, అసలు లేని నెలలు గుర్తుపెట్టుకుంటే చాలు, ఏడాది కళ్లముందు నిలుస్తుంది. ముస్లింల, క్రైస్తవుల పెళ్లిళ్లకు ఈ మాసాల పట్టింపు లేదు కాబట్టి కొన్ని ఖాళీలు అక్కడ నిండుతాయి. రంజాన్ మాసంలో నిఖాలు, ఈస్టర్ ముందు శ్రమదినాల్లో చర్చి పెళ్లిళ్లు తక్కువన్నదీ అదే కాగితం మీద రాసుకోవాలి.

అసలు ధర ఎంత?

పక్క ఫొటోగ్రాఫర్ ఎంత తీసుకుంటే తానూ అంత చెప్పడం ఈ వృత్తిలో మామూలు. పక్కవాడి ఖర్చు వేరు, అప్పు వేరు. ఎవరి ధర వారు కట్టుకోవాల్సిందే.

ఒక లెక్క చూద్దాం. ఇంటి ఖర్చు నెలకు 25 వేలు, కిస్తీ 10 వేలు, ఫోను, సాఫ్ట్‌వేరు, కెమెరా బీమా, చిల్లర మరమ్మతులు 5 వేలు అనుకుంటే మొత్తం 40 వేలు. ఏడాదికి 4 లక్షల 80 వేలు. పని దొరికే రోజులు 40 అనుకుంటే ఒక్కో రోజు 12 వేలు మిగిలితేనే ఇల్లు గడుస్తుంది.

కెమెరా అరుగుదల చాలామంది లెక్కలోకే రాదు. వృత్తి కెమెరాల్లో చాలావాటి షట్టరు లక్షన్నర, రెండు లక్షల క్లిక్కులు తట్టుకునేలా తయారవుతుంది. పెళ్లికి నాలుగు వేల క్లిక్కులైతే రెండు లక్షలకు 50 పెళ్లిళ్లు. కెమెరా, లెన్సులు కలిపి 3 లక్షలైతే పెళ్లికి 6 వేలు పక్కన పెట్టాలి. కిస్తీ ఇప్పటి కెమెరాకి. ఈ ఆరు వేలు రాబోయే కెమెరాకి. అది దాచనివారు మళ్లీ అప్పుకే వెళతారు.

పన్నెండూ ఆరూ పద్దెనిమిది. సహాయకుడి కూలి, ప్రయాణం, ఎడిటింగు, ఆల్బమ్ ముద్రణకు మరో 12 వేలు వేసుకుంటే ధర 30 వేలు. పోటీకి భయపడి 25 వేలకు ఒప్పుకుంటే పెళ్లికి ఐదు వేల చొప్పున ఏడాదికి రెండు లక్షల నష్టం. పని ఎక్కువైన కొద్దీ అప్పు పెరగడంలోని రహస్యం ఇదే.

ఇక్కడే ఖాళీ నెలల విలువ తెలుస్తుంది. ఆ నెలల్లో ఇరవై రోజుల పని వెతుక్కుని 40 రోజులను 60 చేసుకుంటే, ఒక్కో రోజు మోయాల్సిన ఇంటి భారం 12 వేల నుంచి 8 వేలకు దిగుతుంది. పెళ్లి ధర తగ్గించకుండానే ఊపిరి ఆడుతుంది.

ఎవరికి ఫొటో అందలేదు?

ఆ ఇరవై రోజుల పని ఎక్కడుంది? దీనికి జవాబు మన హైదరాబాద్‌లోనే నూట ముప్పై ఏళ్ల కిందట ఒకరు చూపించారు. రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్దానాలో పుట్టారు. ఇందోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో ఉద్యోగం చేస్తూ 1870లలో ఫొటోగ్రఫీ పట్టుకున్నారు. కెమెరా చేతికి రాగానే ఉద్యోగానికి నమస్కారం పెట్టలేదు. పేరు, పరిచయాలు నిలబడ్డాకే 1880ల మధ్యలో పూర్తిగా ఇటు వచ్చారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. దర్బారు పని ఉంది కదా అని అక్కడితో ఆగలేదు. పరదా చాటున ఉండే స్త్రీలు మగవాళ్ల ముందు ఫొటోకు కూర్చోరని గమనించి, 1892లో వారికోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించారు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో వెలిసింది.

ఉన్నవాళ్ల కోసం పదిమందితో పోటీ పడటం కన్నా, ఇంతవరకూ ఫొటో అందనివారెవరో వెతకడం మేలని ఆయన దారి చెబుతోంది. ఇవాళ అలాంటివారు ఊరూరా ఉన్నారు. మంగళగిరిలో, పోచంపల్లిలో మగ్గం మీద నేసిన చీరను ఫోన్లో చూపి అమ్ముకునే కుటుంబానికి రంగు సరిగ్గా కనిపించే ఫొటో కావాలి. ఆర్డర్లు ఇంటికి పంపే చిన్న హోటలుకు వంటకాల ఫొటోలు కావాలి. సంక్రాంతికి విదేశాల నుంచి వచ్చే పిల్లలతో తాతా బామ్మలకు నిండు కుటుంబం ఫొటో కావాలి. అది పుష్యమాసం, ముహూర్తాల్లేని కాలం. పెళ్లి తీసిన ఇంట్లోనే సీమంతం, బారసాల, అన్నప్రాశన, పుట్టినరోజు వస్తాయి. ఆ తేదీలు రాసిపెట్టుకుని ఓ నెల ముందు పలకరిస్తే కొత్త ప్రకటన ఖర్చు లేకుండానే పని దొరుకుతుంది. ఇలాంటి పనులకు ఆషాఢంలో తిరిగి మాట్లాడుకోవాలి. మాఘంలో తీరిక ఎక్కడిది?

మాట కాదు, కాగితం

తెలిసినవాళ్లే కదా అని నోటిమాట మీద పెళ్లి ఒప్పుకోవడం తర్వాత తగవులకు మూలం. బయానా ఎంత, పెళ్లి వాయిదా పడితే అది ఏమవుతుంది, ఎన్ని ఫొటోలు, ఎన్నాళ్లలో, ఆల్బమ్‌లు ఎన్ని... ఒక్క పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేస్తే సరిపోతుంది.

హక్కుల సంగతీ అందులోనే ఉండాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారులు. పెళ్లికూతురి ఫొటో తన ప్రచారానికి వాడుకోవాలంటే ఫొటోగ్రాఫర్ ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

తాళి కట్టే క్షణం రెండోసారి రాదు. అందుకే రెండు కార్డుల్లో ఒకేసారి దాచుకునే కెమెరా, మూడు చోట్ల ప్రతులు, వాటిలో ఒకటి ఇంటికి దూరంగా ఉండటం విలాసం కాదు. పెళ్లివారి నమ్మకానికి కట్టే బీమా.

అప్పు ఎప్పుడు?

ముద్ర పథకం కింద శిశు విభాగంలో 50 వేలు, కిశోర్‌లో 5 లక్షలు, తరుణ్‌లో 10 లక్షల దాకా హామీ లేని రుణాలున్నాయి. ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న సంస్థగా నమోదుకు రుసుము లేదు. తెలుగు రాష్ట్రాల్లో సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. అప్పు దొరకడం కష్టం కాకపోవచ్చు. ఎప్పుడు తీసుకున్నామన్నదే ముఖ్యం. మూఢం ముందు కొన్న లెన్సుకు తొలి మూడు కిస్తీలూ ఆదాయం లేకుండానే కట్టాలి. సీజన్ ముందు కొంటే ఆ లెన్సే తన కిస్తీ సంపాదిస్తుంది.

దానికన్నా ముందు నిల్వ ఉండాలి. వచ్చినదంతా ఒక ఖాతాలో వేసి, అందులోంచి నెలకు 40 వేలు జీతంలా తీసుకోవడం అలవాటైతే మాఘంలో దుబారా, ఆషాఢంలో చేబదులూ రెండూ తప్పుతాయి. ఖాళీ మూడు నెలలు దాటగలదని 2024 చూపించింది కాబట్టి కనీసం నాలుగు నెలల ఖర్చు, అంటే లక్షా 60 వేలు, ఖాతాలో కదలకుండా ఉండాలి. 2020లో ఉగాది, దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదటి రోజు ఒకటే, మార్చి 25. ఆ ఏటి పంచాంగంలో ముహూర్తాలున్నా పందిళ్లు లేవలేదు. అలాంటి ఏడాదిలో ఇల్లు నిలబెట్టేది ఆ నిల్వే.

కొడుకో కూతురో కెమెరా కొనివ్వమని అడిగినప్పుడు ఏ కంపెనీది, ఎంత అని పెద్దలు అడగడం సహజం. దానితోపాటు పన్నెండు గడులు గీసిన కాగితం చూపించమనీ అడగాలి. ముహూర్తాల్లేని గడుల్లో ఏం రాశారో చూస్తే, డబ్బు ఇవ్వాలో ఇంకో ఏడాది ఆగమనాలో ఆ కాగితమే చెబుతుంది.