క్రోమ్ తెరుచుకోలేదు, ఇల్జామ్ పిల్లల మీద

ఇంట్లో కంప్యూటర్ ఖరాబయితే మన దగ్గర తహ్‌కీక్ కన్నా ముందే ఫైసలా వచ్చేస్తుంది. "నువ్వే ఏదో పిచ్చి సైటు చూశావు, వైరస్ ఎక్కించావు." అందులోనూ తెరుచుకోనిది బ్రౌజర్ అయితే ఇక చెప్పేదేముంది! ఇంట్లో పదహారేళ్ల అబ్బాయో అమ్మాయో ఉంటే చాలు, ముజ్రిమ్ దొరికినట్టే. ఈ బద్‌గుమానీ అంటే నాకు మొదటి నుంచీ చిరాకు. 2025 జూన్‌లో జరిగిన వ్యవహారం తెలిశాక అది ఇంకా పెరిగింది.

ఆ నెల మొదట్లో కొన్ని విండోస్ కంప్యూటర్లలో క్రోమ్ ఉన్నట్టుండి మొరాయించింది. నొక్కితే ఒక్క క్షణం మెరిసి మాయమయ్యేది, లేదా అసలు కనిపించేదే కాదు. ఎందుకో చెప్పే ఒక్క ముక్క కూడా తెర మీద ఉండేది కాదు. గూగుల్ వాళ్లు ఆరా తీస్తే వజహ్ బయటపడింది: మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ. పిల్లలు చెడ్డ సైట్లు చూడకుండా వాలిదైన్ పెట్టే నిగ్రానీ అది. దాని ఫిల్టర్ ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. అందుకని మిగతా బ్రౌజర్లను ఆపి, "పెద్దల ఇజాజత్ కావాలి" అని అడగాలి. ఆ అడగడం మానేసి, చప్పుడు లేకుండా క్రోమ్‌ను మూసేయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు మన ఇంట్లో ఇదే జరిగిందనుకోండి. కంప్యూటర్ ఒకటే. అబ్బా లాగిన్‌లో క్రోమ్ దర్జాగా తెరుచుకుంటుంది, కొడుకు లాగిన్‌లో తెరుచుకోదు. ఇంతకన్నా సుబూత్ ఏం కావాలి! ఆ సుబూత్ చూపిస్తున్నది అబ్బా తన చేత్తో వేసిన తాళాన్నే అని ఎవరికి తడుతుంది? పిల్లాడు ఎన్ని కసమ్‌లు తిన్నా నమ్మేవాళ్లుండరు.

నిగ్రానీ వద్దని నేననను. పిల్లల ఫిక్ర్ లేని ఇల్లుంటుందా? కానీ పెహ్రాదార్ అన్నవాడు దారి ఆపితే "నేనే ఆపాను" అని చెప్పాలి. ఖామోష్‌గా గొంతు పట్టుకుంటే తప్పు ఎవరిదో తేలదు. మైక్రోసాఫ్ట్ మీద నా షికాయత్ అదే. పిల్లలకు చెప్పకుండా ఫిల్టర్ పెట్టే తల్లిదండ్రుల మీదా అదే షికాయత్.

విలేకరి ఉద్యోగం నేర్పిన సవాళ్లు ఇక్కడా పనికొస్తాయి. ఎప్పటి నుంచి? ఎవరి లాగిన్‌లో? ఇంకో బ్రౌజర్ తెరుచుకుంటోందా? ఎడ్జ్ బాగానే ఉండి, పిల్లల లాగిన్‌లోనే క్రోమ్ చచ్చిపోతుంటే ముందు ఫ్యామిలీ సేఫ్టీ వైపు చూడండి. అందులో యాక్టివిటీ రిపోర్టింగ్ ఆన్ చేస్తే ఇజాజత్ అడిగే సందేశం మీకు చేరుతుందని అప్పట్లో మైక్రోసాఫ్టే చెప్పింది. క్రోమ్ ఫైలు పేరు చివర 1 చేర్చితే తెరుచుకుంటోందని కొందరు కనిపెట్టారు. మన పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు, వాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

అందరి లాగిన్‌లోనూ అదే తంతు అయితే కథ వేరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. క్రోమ్ లోపల ఇరుక్కుపోయి కనిపిస్తే ఎండ్ టాస్క్ కొట్టి మళ్లీ తెరవండి. యాంటీవైరస్ మీదా ఒక కన్నేయండి. 2023 జూన్‌లో విండోస్ 11 అప్‌డేట్ తర్వాత మాల్‌వేర్‌బైట్స్ అనే రక్షణ సాఫ్ట్‌వేరే క్రోమ్‌కు అడ్డుపడింది. ఇవేవీ కాకపోతే ప్రొఫైల్ పాడై ఉండొచ్చు. యూజర్ డేటా ఫోల్డర్‌లో డిఫాల్ట్ అని ఉంటుంది, దాన్ని డిలీట్ చేయకుండా పేరు మాత్రం మార్చి చూడండి. తెరుచుకుంటే జబ్బు అక్కడే. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఎక్కిస్తే చాలామందికి ఫాయిదా కనిపించదు, ఎందుకంటే ఆ పాడైన ప్రొఫైల్ మామూలుగా అక్కడే ఉండిపోతుంది.

దుకాణానికి తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దాం భాయ్." ఒక్క బ్రౌజర్ తెరుచుకోనందుకు ఆపా నికాహ్ ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ పణంగా పెట్టాలా? ఎవరి లాగిన్‌లో తెరుచుకోవడం లేదని ఆ భాయ్ అడిగాడా, ముందు అది చూడండి.