పండుగ కానుకకూ పథ్యం కావాలి

పుష్యమాసపు చలి ముదిరే వేళకు హైదరాబాదులోని నాంపల్లి, అబిడ్స్ ప్రాంతాలకు ప్రత్యేకమైన కళ వస్తుంది. సాధారణంగా జనవరి మొదటి దినాలలో ఆరంభమై ఫిబ్రవరి నడిమి వరకు సాగే నుమాయిష్ ఒకవైపు, సంక్రాంతి బేరాలు మరొకవైపు. మొజంజాహీ మార్కెట్టు దగ్గర బిస్కట్ల డబ్బాలు, అబిడ్స్‌లో నేతి మిఠాయిల పెట్టెలు, ఎగ్జిబిషన్ మైదానంలో కాశ్మీరు శాలువలు, ఎండు ఫలాలు. ఈ దారిన వెళ్ళి వట్టి చేతులతో ఇల్లు చేరే మధ్యతరగతి గృహస్థు అరుదు. కొన్నవాటిలో సగం మన ఇంటికి, సగం ఇతరుల ఇళ్ళకు. వియ్యాలవారికి ఒక పెట్టె, ఆడపడుచుకు ఒక పెట్టె, ఆఫీసులో పైఅధికారికి మరికాస్త పెద్ద పెట్టె.

ఇచ్చి పుచ్చుకోవడం మంచి ఆచారమే. దానిని ఆక్షేపించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఒక ప్రశ్న వేసుకోవలసిన కాలం వచ్చింది. ఆ పెట్టె చేరే ఇంట్లో మధుమేహంతో మాత్రలు మింగుతున్న తాతగారు ఉన్నారా, రక్తపోటుతో ఉప్పు తగ్గించిన అమ్మమ్మగారు ఉన్నారా అని మనలో ఎందరం ఆలోచిస్తున్నాము? రోగికి పథ్యం చెప్పే మనం, కానుకకు మాత్రం పథ్యం అక్కరలేదనుకుంటున్నాము. ఏడాది పొడవునా ఇంటి ఇల్లాలు కష్టపడి నిలిపిన నియమాన్ని పండుగ వారం రోజులలో బంధువుల ప్రేమ చెరిపివేస్తున్నది.

శాస్త్రం ఇచ్చిన అనుమతి

"చలికాలంలో నువ్వులు, బెల్లం, నెయ్యి తినమని ఆయుర్వేదమే చెప్పింది కదా" అని కొందరు వాదిస్తారు. నిజమే. హేమంత ఋతువులో బయటి చలి వల్ల శరీరంలోని ఉష్ణం లోపలనే నిలిచి జఠరాగ్ని బలపడుతుందనీ, ఆ అగ్నికి తగిన గురువైన ఆహారం అందకపోతే అది శరీర ధాతువులనే హరిస్తుందనీ చరక సంహిత సూత్రస్థానంలోని ఋతుచర్యాధ్యాయం వివరిస్తుంది. పాల పదార్థాలు, చెరకు రసంతో చేసినవి, నూనె, కొత్త బియ్యపు అన్నం ఆ కాలానికి తగినవని పేర్కొంటుంది. మన అరిసెలు, నువ్వుల ఉండలు, సకినాలు ఈ లెక్కకు చక్కగా సరిపోతాయి. కొత్త బియ్యపు పిండి, కొత్త బెల్లం, నువ్వులు, నెయ్యి, సకినాలలో జీర్ణానికి తోడుగా వాము. మన పూర్వికులు ఈ వంటలను కాలం చూసి కూర్చారు.

అయితే అదే చరక సంహిత చికిత్సాస్థానంలో ప్రమేహ కారణాలను చెప్పేటప్పుడు ఏమంటున్నదో కూడా చదవాలి. సుఖాసనాలపై కదలకుండా కూర్చోవడం, సుఖనిద్ర, పెరుగు, పాలు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు, ఒక్క మాటలో కఫాన్ని పెంచేదంతా ప్రమేహానికి హేతువని అక్కడ ఉన్నది. ఒకచోట తినమన్న కొత్త బియ్యము, చెరకు పదార్థములే మరొకచోట రోగ కారణాల పట్టికలో కనిపిస్తున్నాయి. ఇది వైరుధ్యమా? కానే కాదు. ఆ పట్టికలో మొట్టమొదట నిలిచినది కూర్చునే సుఖం, నిద్రా సుఖం అన్న సంగతి గమనించాలి. పొలంలో కోత కోసి, రోట్లో పిండి దంచి, బావి నుండి నీళ్ళు తోడిన మనిషికి అరిసె బలం. ఇంటి గుమ్మం నుండి ఆఫీసు గుమ్మం దాకా వాహనంలో వెళ్ళి, ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుని, సాయంత్రం టెలివిజన్ ముందు చేరే మనిషికి అదే అరిసె భారం. ఋతువు మారలేదు, వంట మారలేదు. మారినది మన జీవనం. అనుమతిని మాత్రమే పట్టుకుని హెచ్చరికను వదలివేయడం శాస్త్రాన్ని గౌరవించడం అనిపించుకోదు.

బెల్లం మీద భ్రమ

"పంచదార కాదు, బెల్లమే కదా" అన్న మాట పండుగ ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలు ఉన్నప్పటికీ అందులో అత్యధిక భాగం చక్కెరే. మధుమేహ రోగి రక్తంలో అది చేసే పని కూడా చక్కెర పనే. తేనె సంగతీ అంతే. చ్యవనప్రాశ ఉత్తమమైన రసాయనమే గాని, దాని పాకంలో చక్కెర దండిగా ఉంటుంది. షుగరు వ్యాధి ఉన్న పెద్దవారికి దానిని కానుకగా పంపి, మందు పంపామని సంతృప్తి పడటం సరికాదు. నువ్వులు సున్నానికి, శక్తికి మంచి నిలయాలు. కాని 100 గ్రాముల నువ్వులలో 500 కిలోకాలరీలకు మించిన శక్తి ఉంటుంది. గుప్పెడు చాలు, పళ్ళెం వద్దు.

ఈ కొలతను కూడా శాస్త్రం వదలలేదు. గురువైన పదార్థాలను సగం తృప్తి వరకే తినాలని చెప్పింది. పిండితో చేసిన గురు పదార్థాలను భోజనం ముగిసిన తరువాత తినరాదని, ఆకలి ఉన్నప్పుడే మితంగా తినాలని చరకుడు ప్రత్యేకించి చెప్పాడు. మనమేమో విస్తరి ముందునుండి లేచిన అతిథికి "మా అరిసె రుచి చూడనే లేదు" అంటూ రెండు చేతిలో పెడతాము. వద్దంటే నొచ్చుకుంటాము. ఈ బలవంతం మర్యాద కాదని పెద్దలు కూడా అంగీకరించాలి. "ఇప్పుడు తింటారా, ఇంటికి కట్టి ఇవ్వమంటారా?" అని అడగడమే నేటి కాలపు మర్యాద.

మరొక మాట. శిశిరంలో సంచయమైన కఫం వసంతపు ఎండకు కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుందనీ, ఆ కాలంలో గురువైనవి, తీపి, పగటి నిద్ర మానాలనీ ఋతుచర్య చెబుతున్నది. కనుక సంక్రాంతి పెట్టెలను దాచి ఉగాది దాకా కొరకడం కాలానికే విరుద్ధం. పండుగ తీపి పండుగతోనే ముగియాలి.

చూర్ణాల పొట్లాలు కానుకలు కావు

నుమాయిష్ చరిత్ర మనకు గర్వకారణం. ఉస్మానియా పట్టభద్రుల చొరవతో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ప్రదర్శనకు నుమాయిష్ మస్నూఅతె ముల్కీ అని పేరు. ముల్కీ అంటే స్థానికమైనది. ఈ గడ్డపై తయారైన వస్తువులను ప్రజలకు పరిచయం చేయడం దాని ఆశయం. 1946లో అది నేటి నాంపల్లి మైదానానికి మారింది. దాని ఆదాయం విద్యాసంస్థల నిర్వహణకు వినియోగపడుతున్నది.

ఇంతటి ప్రదర్శనలో గాని, అబిడ్స్ కాలిబాటల మీద గాని, మరే తిరునాళ్ళలో గాని ఒక జాగ్రత్త అవసరం. "షుగరు పూర్తిగా పోతుంది", "మోకాళ్ళ నొప్పులు మూడు రోజులలో మాయం" అంటూ పేరూ ఊరూ లేని పొట్లాలు ఎక్కడ అమ్మినా కొనకండి. ముఖ్యంగా ఇంట్లోని పెద్దవారికి కానుకగా తీసుకువెళ్ళకండి. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది. నొప్పులకని అమ్మే అనామక చూర్ణాలలో స్టెరాయిడ్లు, కొన్నింటిలో సీసం వంటి లోహాలు బయటపడిన సందర్భాలు ఉన్నాయి. వాటివల్ల తాత్కాలికంగా నొప్పి తగ్గినట్టు అనిపించినా ఎముకలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అంతకంటె ప్రమాదం మరొకటి ఉన్నది. కొడుకు ప్రేమతో తెచ్చిన పొట్లాన్ని నమ్మి తండ్రి రోజూ వేసుకునే మాత్ర మానివేస్తాడు.

ఆయుర్వేదాన్ని ప్రేమించేవారే ఈ మాట గట్టిగా చెప్పాలి. నిజమైన ఆయుర్వేద ఔషధం సీసా మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారీ తేదీ ఉంటాయి. అవి ఉన్నంత మాత్రాన కూడా రోగిని చూడకుండా మందు ఇవ్వరాదు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలలో అర్హులైన వైద్యులు ఉన్నారు. తల్లిదండ్రులకు పొట్లం తెచ్చి ఇవ్వడం కంటె వారిని ఒక పూట వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం మేలైన కానుక.

మరి ఏమి ఇవ్వాలి?

హేమంతచర్యలో తిండి ఒక్కటే లేదు. నూనెతో అభ్యంగనం, వేడినీళ్ళు, కంబళ్ళు, వెచ్చని పడక కూడా అందులోనే ఉన్నాయి. మనం తిండిని మాత్రం పట్టుకుని మిగతావి మరచిపోయాము. కానుకలు వెదుక్కోవలసింది ఆ మరచిన భాగంలోనే.

గానుగలో ఆడిన మంచి నువ్వుల నూనె ఒక సీసా, దానితో కొద్దిగా సున్నిపిండి. భోగినాటి తలంటుకు ఇంతకంటె తగిన కానుక ఏది? చలికి వణికే పెద్దలకు ఒక ఉన్ని శాలువ. ఈ కాలంలోనే విరివిగా దొరికే ఉసిరికాయలు, రేగుపళ్ళు, పచ్చి శనగలు ఒక చిన్న బుట్టలో. పిల్లలున్న ఇంటికి వేయించిన వేరుశనగలు, మధుమేహం ఉన్న ఇంటికి నానబెట్టిన శనగలు. మన వాయనాలలో శనగలకు ఉన్న స్థానం ఊరికే వచ్చినది కాదు.

తెలంగాణలో సంక్రాంతి నోములకు ముత్తయిదువలు పసుపు కుంకుమలతో పాటు గృహోపకరణాలు పంచుకోవడం పాత ఆచారం. నేడు ఆ చోటును చౌక ప్లాస్టిక్ డబ్బాలు ఆక్రమించాయి. వేడి పదార్థాలకు పనికిరాని ఆ డబ్బాలు ఏ మూలనో చేరుతున్నాయి. వాటి బదులు ఒక స్టీలు గిన్నె, అల్లం దంచుకునే చిన్న రోలు, కొయ్య గరిటె, చేనేత తువ్వాలు ఇవ్వవచ్చు. రాగి చెంబు ఇచ్చినా మంచిదే. కాని రాగి, ఇత్తడి పాత్రలలో కళాయి లేకుండా పులుసు, మజ్జిగ, నిమ్మరసం ఉంచరాదని చెప్పి ఇవ్వాలి. చదువరులకైతే ఆదివారం నాడు అబిడ్స్ కాలిబాటల మీద పరచిన పుస్తకాలలో వెదికితే తక్కువ వెలకే మంచి కానుక దొరుకుతుంది. దానికి పథ్యం లేదు.

తీపి లేకుండా పండుగేమిటి అనేవారికి కూడా సమాధానం ఉన్నది. తీపి ఇవ్వండి, కొలతతో ఇవ్వండి. కిలో పెట్టెకు బదులు నాలుగు నువ్వుల ఉండలు, రెండు అరిసెలు చాలు. ఇంట్లో చేసినవైతే ఎప్పుడు చేశారో, నెయ్యితో చేశారో నూనెతో చేశారో ఒక చీటీ మీద వ్రాసి జత చేయండి. అంగడిలో కొంటే ఏ తేదీలోగా తినాలో అడగండి. విడిగా అమ్మే మిఠాయిలకు కూడా ఆ గడువు తెలపాలని 2020 అక్టోబరు 1 నుండి నిబంధన వచ్చింది. డబ్బా బిస్కట్లయితే వెనుకవైపు చక్కెర, కొవ్వు లెక్క చదవండి. డాల్డా వంటి వనస్పతులతో వచ్చే హానికర కొవ్వుకు 2022 నుండి నూటికి 2 వంతుల పరిమితి ఉన్నది. కాబట్టి చదివి కొనే అలవాటుకు ఫలితం ఉంటుంది.

ఇక నుమాయిష్‌కు వెళ్ళండి, తప్పక వెళ్ళండి. నాంపల్లి లేదా గాంధీభవన్ మెట్రో స్టేషనులో దిగి నడవండి. శాలువ కప్పుకున్న అమ్మనాన్నలను వెంట తీసుకువెళ్ళి, వారి అడుగుకు మీ అడుగు కలపండి. కూర్చునే సుఖమే వ్యాధికి మొదటి మెట్టన్న చరకుని మాటకు ఆ రెండు గంటల నడక చక్కని విరుగుడు. ఈ సంక్రాంతికి పెట్టె కొనే ముందు ఒక్క ఫోను చేసి, "మీ ఇంట్లో ఎవరికి ఏ పథ్యం?" అని అడగండి. అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు. తమను తలచి ఇచ్చిన కానుక అని ఆ ఇంటివారు చాలాకాలం గుర్తుంచుకుంటారు.