రెండవ కోతకు ముందు

ప్రబంధకవులు నాయికను వర్ణించుచు ఆమె కడుపుమీది ముడతలను మరుగుపరుపలేదు. వానికి త్రివళులని పేరిడి సౌందర్యలక్షణములలో చేర్చిరి. బొజ్జగణపతికి ఏటేట ఉండ్రాళ్లు నివేదించు సంప్రదాయము తెలుగు లోగిళ్లలో నేటికిని నిలిచియున్నది. అయినను కాలము మారినది. కాన్పుల తరువాత సాగిన చర్మమును, బరువు తగ్గిన పిదప వ్రేలాడు పొరలను, ఎంత నడచినను కరుగని క్రొవ్వును శస్త్రముతో తీయించుకొనువారు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో కలరు. ‘టమ్మీ టక్’ అన్న మాట మధ్యతరగతి ఇండ్లలో కూడ వినవచ్చుచున్నది. ఇట్టి చికిత్స చేయించుకొనుట తగునా, తగదా అన్న వివాదము వేరు. చేయించుకొని, ఆశించిన రూపము దక్కక, అద్దము ముందు నిలువ మనసొప్పనివారి మాట ఏమి? వారికి గల మార్గములేవి? ఈ ప్రశ్నను చెవినిబెట్టువారు అరుదు.

రోగము కొరకు ఆపరేషను చేయించుకొన్నవారు కుట్టు సరిగా మానలేదన్నచో బంధువులు పండ్లు పట్టుకొని వచ్చి పరామర్శింతురు. అందము కొరకు చేయించుకొన్న కోత వికటించినదన్నచో, ‘కోరి కోయించుకొన్నది గదా’ అని పెదవి విరుతురు. అత్తవారింట చెప్పుకొన వీలుపడదు. పుట్టింట చెప్పినను చీవాట్లే. పురుషుడైనచో పరిహాసము మరికొంత ఎక్కువ. ఆరోగ్యబీమా సంస్థలు సౌందర్యచికిత్సకు సాధారణముగా సొమ్ము చెల్లింపవు. ఈ విధముగా నలువైపుల తలుపులు మూసికొనిపోగా, కంటబడిన ప్రకటనను నమ్మి, మొదటిదానికంటె తొందరగా రెండవ కోతకు సిద్ధపడుట జరుగుచున్నది. అసలు ప్రమాదము ఇచ్చట కలదు.

గాయపు వికారమును సరిదిద్దుకొనగోరుట ఉత్త విలాసమని కొట్టివేయుట మన ప్రాచీనవైద్యమునకు సమ్మతము కాదు. సుశ్రుతసంహితలో వ్రణమునకు చెప్పిన ఏడు ప్రధానోపక్రమములలో కడపటిది వైకృతాపహము. అనగా గాయము మానిన పిమ్మట మిగిలిన వికారమును పోగొట్టుట. చికిత్సాస్థానమున వివరించిన అరువది ఉపక్రమములలో పల్లమైన వ్రణమును పూడ్చుట, మితిమీరి లేచిన మాంసమును అణచుట, మానినచోట చర్మమునకు సహజవర్ణము తెచ్చుట, రోమములు మొలిపించుట కూడ చేరియున్నవి. పుండు మానినంతనే వైద్యుని ధర్మము ముగియదని ఆ శాస్త్రకారుని భావము. వికారమును చూచి కుందువానిని ఎగతాళి చేయుమని ఏ శాస్త్రమును చెప్పలేదు.

ఈ చికిత్సకు పాశ్చాత్యవైద్యమున శతాబ్దికి పైబడిన చరిత్ర కలదు. 1899లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హోవార్డ్ కెల్లీ వ్రేలాడు ఉదరభాగమును కోసి తొలగించిన వృత్తాంతమును ప్రకటించెను. 1967లో బ్రెజిల్ దేశపు ఈవో పిటాంగీ 300 మందికి చేసిన చికిత్సల అనుభవమును గ్రంథస్థము చేసెను. 1970ల చివర పారిస్ నగరమున ఈవ్-జెరార్ ఇల్లూజ్ సన్నని గొట్టముతో క్రొవ్వును పీల్చివేయు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చెను. ఒక్కొక్క పద్ధతి ఒక్కొక్క వరముతోపాటు ఒక్కొక్క లోపమును కూడ వెంటబెట్టుకొని వచ్చినది. కోసి కుట్టినచో మచ్చ తప్పదు. పీల్చివేసినచో చర్మము బిగువు తప్పియుండిన ఎడల గతుకులు, గుంటలు కనిపించును.

లోపము కనబడినంతనే దిద్దుబాటుకు పరుగెత్తరాదు. ఆలస్యమున అమృతము విషమగునని లోకోక్తి. ఈ విషయమున మాత్రము ఆలస్యమే అమృతము. శస్త్రము వలన కలిగిన వాపు పూర్తిగా తీయుటకు కొన్ని నెలలు పట్టును. ఎఱ్ఱగా, గట్టిగా ఉండు మచ్చ మెత్తబడి పాలిపోవుటకు ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు పట్టవచ్చును. మూడవ నెలలో వికారముగా తోచినది పన్నెండవ నెలలో ఉపేక్షింపదగినదిగా మారవచ్చును. కావుననే అనుభవజ్ఞులైన శస్త్రవైద్యులు సాధారణముగా ఆరునెలలు మొదలు ఏడాది వరకు ఆగి గాని మరల కత్తి పట్టరు. ఈ లోపల బిగువు పట్టీ ధరించుట, మచ్చమీద సిలికోన్ పట్టీ గాని లేపనము గాని వాడుట, ఎండ సోకకుండ కాపాడుకొనుట, బరువును నిలుకడగా ఉంచుకొనుట మేలు.

ఈ నియమమునకు అపవాదములు కలవు. జ్వరము, చీము, చర్మము నల్లబడుట, హఠాత్తుగా కడుపు ఉబ్బుట, ఒక కాలిపిక్క వాచి నొప్పిపెట్టుట, ఊపిరి అందకపోవుట - వీనిలో ఏది కనబడినను నాటికి నాడే ఆసుపత్రికి పోవలెను. కాలిసిరలో గడ్డకట్టిన రక్తము ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము. కుట్టు క్రింద నీరు చేరుట తరచు కనిపించు చిక్కు; దానిని సూదితో తీయుదురు. పలుమారులు తీసినను మరల చేరుచు సంచివలె గట్టిపడినచో ఆ సంచిని కోసి తీయవలసివచ్చును.

కాలము గడచిన పిదపను అసంతృప్తి నిలిచినచో, మొదట నిర్ణయింపవలసినది లోపము ఏ పొరలో ఉన్నదన్నది. కడుపు ఒకే పొర కాదు. పైన చర్మము, దాని క్రింద క్రొవ్వు, ఆపైన కండరముల గోడ, ఆ గోడ లోపల ప్రేవులను చుట్టిన మరియొక క్రొవ్వు. చేతితో పట్టుకొన్న చిక్కునది చర్మము, దాని క్రింది క్రొవ్వు మాత్రమే. మొదటి చికిత్సలో మిగిలిపోయినది ఆ క్రొవ్వైనచో మరల పీల్చి సరిచేయవచ్చును. మితిమీరి పీల్చుటచే గుంటలు పడినచో, శరీరమున వేరొకచోటి క్రొవ్వును తెచ్చి నింపు పద్ధతి కలదు. నింపినదానిలో కొంతభాగము కరిగిపోవుట సహజము గనుక ఒక్కమారుతో ముగియకపోవచ్చును. చర్మమే వదులుగా మిగిలినచో పీల్చుట వలన ప్రయోజనము లేదు, కోసి బిగింపవలెను. నాభికి దిగువనే చేయు చిన్న చికిత్స జరిగి, పైభాగమున చర్మము వదులుగా ఉండిపోయినచో పూర్తి చికిత్స అవసరపడును.

చర్మము నున్నగా ఉండియు కడుపు ముందుకు పొడుచుకొనివచ్చుచున్నచో కండరముల గోడను పరీక్షింపవలెను. గర్భధారణమున ఎడమైన నిలువుకండరములను మొదటిమారు దగ్గరకు కుట్టకపోయి యుండవచ్చును, లేదా కుట్టు వదలి యుండవచ్చును; హెర్నియా కూడ ఉండవచ్చును. స్కానింగుతో తెలిసికొని మరల బిగింపవచ్చును. లోపలి క్రొవ్వే కారణమైనచో ఈ శస్త్రములు పనికిరావు. ఆహారనియమము, వ్యాయామము ముఖ్యశరణ్యములు. ఈ సత్యమును మొదటి కోతకు ముందే చెప్పియుండినచో ఎందరో రెండవ కోత మాట తలపెట్టియే ఉండరు.

మచ్చ సంగతి వేరు. కుట్టు చివరల చర్మము చెవివలె పొడుచుకొనివచ్చుట సామాన్యలోపము. ఆ చోటు మాత్రము తిమ్మిరెక్కించి సరిచేయవచ్చును, కాని మచ్చ మరికొంత పొడుగగును. వెడల్పైన మచ్చను కోసి సన్నగా కుట్టవచ్చును. బొడ్డు వంకరపోయినను, బిగిసి మూసికొనిపోయినను తీర్చిదిద్దు పద్ధతులు కలవు. మచ్చ ఉబ్బి పెరుగు స్వభావము మనవంటి చామనచాయ చర్మము గలవారిలో అధికము. హద్దు మీరి పెరుగు కీలాయిడ్‌ను ఊరక కోసివేసినచో మరల, ఒక్కొక్కప్పుడు ఇంతకంటె పెద్దదిగా, లేచును. స్టెరాయిడ్ సూదులు, ఒత్తిడి పట్టీలు మొదలగువానిని జోడించి ఓపికతో చికిత్స చేయవలసిన వికారమది. ఏ పద్ధతియు మచ్చను మాయము చేయజాలదు. మాయము చేయుదుమని చెప్పువారిని నమ్మరాదు.

మొదటి కోత అని వాడుకలో అనుచున్నను, మన ప్రాంతమున పెక్కుమంది స్త్రీలకు అది నిజమునకు మొదటిది కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణము ప్రకారము తెలంగాణమున నూటికి 60.7, ఆంధ్రప్రదేశమున 42.4 కాన్పులు సిజేరియన్ పద్ధతిని జరిగినవి. దేశమంతటికి కలిపి ఆ సంఖ్య 21.5 మాత్రమే. కోసిన ప్రతిమారును చర్మమునకు రక్తము చేర్చు దారులు కొన్ని తెగును. పాత మచ్చలన్నిటిని లెక్కించి గాని క్రొత్త కోతను నిర్ణయింపరాదు. ఇదివరకే బిగువుగా కుట్టిన చర్మమును మరల లాగినచో అంచులు చచ్చుబడు భయము కలదు. పొగత్రాగువారికి, మధుమేహము అదుపులో లేనివారికి ఈ భయము అధికము. పొగ కనీసము నాలుగు వారములు ముందుగా మానవలెను. మరల బిడ్డను కనదలచినవారు కాన్పు తరువాతనే ఈ ఆలోచన చేయుట యుక్తము.

దిద్దుబాటు ఎవరిచే చేయించుకొనవలెనన్నది మరియొక చిక్కు. మొదటి వైద్యునికి లోపల జరిగినదేమో తెలియును గనుక, విశ్వాసము చెడనిచో ముందు ఆయననే అడుగుట ఉచితము. విశ్వాసము చెడినచో ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. వంటి అర్హత గల మరియొకరి సలహా పొందవచ్చును. అది కృతఘ్నత కాదు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారము రోగి కోరిన 72 గంటలలో చికిత్సాపత్రములను ఇచ్చుట వైద్యుని విధి. సొమ్ము తీసికొని చేయు వైద్యసేవ వినియోగదారుల చట్టపరిధిలోనిదని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినది. చికిత్సా స్వభావమును, ప్రత్యామ్నాయములను, ముప్పులను తెలిపి గాని సమ్మతి పొందరాదని 2008లో స్పష్టపరచినది. ఫలము నచ్చకపోవుట ఒక్కటే నిర్లక్ష్యమునకు నిదర్శనము కాదు. అయినను నిజముగా నిర్లక్ష్యమే జరిగియున్నచో, ఫిర్యాదుకు 2019 నాటి చట్టము విధించిన గడువు రెండేండ్లే. గాయము మానువరకు ఆగుమన్న వైద్యసలహాను పాటించుచు ఈ గడువును మరువరాదు.

మార్గములలో కడపటిది, తరచు మరపునకు వచ్చునది, ఏమియు చేయకుండుట. లోపము చిన్నదై, దిద్దుబాటు వలన కలుగు మచ్చయే పెద్దదగునట్లున్నచో ఉన్నదానితో సమాధానపడుట ఓటమి కాదు. కంటికానని లోపమును గూర్చి దినమెల్ల మథనపడువారికి కావలసినది కత్తి కాదు, మనోవైద్యుని సాయము. అట్టివారికి ఎన్ని కోతలైనను తృప్తి నీయవు. ఈ మాట చెప్పి పంపగల శస్త్రవైద్యుడు తన రాబడిని కొంత వదలుకొనును గాని, రోగిని కాపాడును.

ఇందుకు కావలసిన సంస్కారము పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కోతకు ముందే మచ్చ పొడవును రోగి దేహముపై గీసి చూపవలెను. దిద్దుబాటు అవసరమైనచో ఎప్పుడు, ఎవరి ఖర్చుతో చేయుదురో వ్రాసి ఇయ్యవలెను. ఆ సమ్మతిపత్రము రోగికి అర్థమగు తెలుగులో ఉండవలెను. ఆంగ్లమున అచ్చొత్తిన నాలుగు పుటల క్రింద చేవ్రాలు చేయించుకొనుట సమ్మతి కాదు. ఇంటివారు చేయవలసినది ఇంకను సులభము. ‘ఎవరు చేయించుకొమ్మన్నారు?’ అను ప్రశ్నను మాని, ‘ఎచ్చట బాధగా ఉన్నది?’ అని అడుగవలెను. ఆ ఒక్క ప్రశ్న విన్న స్త్రీ తొందరపడి ప్రకటనల వెంట పోదు. ఏడాది ఆగుటకు ఆమెకు ధైర్యము చిక్కును.