ముల్లు చెప్పే దూరం
అమరావతి మహాస్తూపం రూపుదిద్దుకుంటున్న కాలానికి అటూఇటూగా, బాబిలోనియా గణకులు మట్టిపలకల మీద గురుగ్రహం నడక లెక్కగట్టారు. వేగం మొదట రోజుకు 12 కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), 60 రోజులకు తొమ్మిదిన్నర. రోజులను అడ్డంగా, వేగాన్ని నిలువుగా గీస్తే వచ్చే సమలంబ చతుర్భుజం వైశాల్యమే గ్రహం జరిగిన దూరం: 10 డిగ్రీల 45 కళలు. ఈ సంగతి 2016లో బయటపడింది. మన ఇంటర్ పిల్లలకేమో సమాకలనం నోటికొచ్చు, గ్రాఫు గీయమంటే బిక్కమొహం! వాళ్లను అమరావతిలో గుంటూరు బస్సెక్కించి స్పీడోమీటరు చూడమనండి (ముల్లు కదిలే బస్సు దొరకాలి లెండి). సున్నా నుంచి గంటకు 36 కిలోమీటర్ల వేగానికి నిలకడగా 20 సెకన్లలో చేరితే త్రిభుజం, 100 మీటర్లు. అదే వేగంతో నిమిషం నడిస్తే దీర్ఘచతురస్రం, 600 మీటర్లు. సూత్రం ఆ తర్వాత చెబితే కొంపేమీ మునగదు.