ముందేది, తర్వాతేది?

‘కింది సంఘటనలను కాలక్రమంలో అమర్చండి’ అని ప్రశ్నపత్రంలో ఇస్తాం. పిల్లలు సంఘటనల జోలికే పోరు. గైడులో బట్టీపట్టిన ‘ఇ, అ, ఈ, ఆ’ రాసేస్తారు, పూర్తి మార్కులు పడతాయి. అదే పిల్ల మర్నాడు లేచి, “టీచర్, కృష్ణదేవరాయలు గాంధీ తాతని చూశాడా?” అంటుంది.

నన్నడిగితే పాఠం ఆ ప్రశ్న దగ్గరే మొదలుకావాలి. నాలుగో తరగతి పిల్లకు 1509 అన్నా 1930 అన్నా ఎవరిదో ఫోన్ నంబరు లాంటిదే. సంవత్సరాలు తర్వాత చెప్పొచ్చు. ఒకటి జరగనిదే రెండోది ఎందుకు జరగదో ముందు తెలియాలి.

మా పల్నాడు పిల్లలకు ఇందుకు నాగార్జునకొండ ఉంది. లాంచీ దిగగానే ఎవరో ఒకరు అడుగుతారు, చుట్టూ నీళ్లుంటే మ్యూజియం ఇక్కడెందుకు పెట్టారని. జవాబు చెప్పను, కార్డులిస్తాను: డ్యామ్ నిండింది, ఇక్ష్వాకులు విజయపురిని ఏలారు, కొండ దీవి అయింది, తవ్వి స్తూపాలు బయటికి తీశారు. వాదులాట మొదలు. “నీళ్లొచ్చాక ఎట్టా తవ్వుతారే?” అని ఒకడు అనగానే తవ్వకాల కార్డు ముందుకు జరుగుతుంది. అప్పుడు చెబుతాను: లోయ మునుగుతుందని తెలిసే 1954 నుంచి 1960 దాకా తవ్వారు, కొన్ని కట్టడాలను కొండమీదికీ అనుపుకీ తరలించారు, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో.

వరస ఒక్కటే చాలదు, ఎడమూ తెలియాలి. దండేనికి తగిలించమంటే కార్డులన్నీ సమాన దూరంలో పెడతారు. ఏడాదికో సెంటీమీటరు చొప్పున కొలవమంటే డ్యామూ తవ్వకాలూ పక్కపక్కనే ఉంటాయి, ఇక్ష్వాకులు మాత్రం గది దాటి, వరండా దాటి, గేటు దగ్గర తేలతారు.

వంటిల్లూ పనికొస్తుంది. రుద్రమదేవి కూరలో మిరపకారం ఉండదు, మిరియాలే. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. వాస్కోడగామా కాలికట్ చేరిన 1498 నాటికే రుద్రమ పోయి రెండు వందల ఏళ్లు దాటింది. మిర్చి కల్లాల్లో ఆడుకునే మా పిల్లలు దీన్ని ఒక పట్టాన నమ్మరు. ఇంటికెళ్లి నాయనమ్మతో తగాదా పెట్టుకుని మరీ వస్తారు.

ఇవన్నీ దిద్దేదెట్లా అంటారు తోటి టీచర్లు. నిజమే, అక్షరాల వరస దిద్దడం సులువు. అయినా అయిదో తరగతి దాకా ఆ ప్రశ్నకు సగం మార్కులు ‘అది ఎందుకు ముందు?’ అన్నదానికే ఉంచాలి. వరస తప్పినా కారణం సబబుగా రాసిన పిల్లకు ఆ సగం నేను వేస్తాను.