మా రేకు పెట్టెలోని పుస్తకాలు: మాకు నిజంగా ఏమనిపించిందంటే

తెలుగు పుస్తకం ఎలా ఉందని ఎవరైనా అడిగితే మనం వెంటనే "చాలా బాగుంది" అనేస్తాం. అమ్మమ్మ విశాఖపట్నంలో ఓడ ఎక్కే మనిషిని వెతికి పట్టుకుని పంపిన పుస్తకాన్ని బాగాలేదని ఎలా అంటాం? కానీ ఆ మాట నమ్మి ఇంకొకరు ఆ పుస్తకం తెరుస్తారు. పదో పేజీ దగ్గర ఆగిపోతారు. అంత గొప్ప పుస్తకం తనకు నచ్చలేదంటే తనకు తెలుగు రానట్టే అనుకుంటారు. తర్వాత ఇంకో తెలుగు పుస్తకం ముట్టుకోరు. మాకు తెలిసిన ఇద్దరు ముగ్గురి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. అందుకని ఈసారి మేము నచ్చినవి నచ్చాయనీ, నచ్చనివి నచ్చలేదనీ రాస్తున్నాం.

మేమంటే ఎనిమిది, తొమ్మిది తరగతులు చదివే ఐదుగురం. మా ఇళ్లలో ఇద్దరివి నౌకాదళం ఉద్యోగాలు, ఒకరిది తపాలా శాఖ, ఒకరిది కేంద్ర ప్రజాపనుల శాఖ, ఒకరిది బొటానికల్ సర్వే. బడిలో మాకు తెలుగు సబ్జెక్టు కాదు. అక్షరాలు ఇంట్లోనే నేర్చుకున్నాం. ఒకరు వేసవి సెలవుల్లో శ్రీకాకుళంలో తాతయ్య దగ్గర నేర్చుకుంటే, ఒకరు అమ్మ మొట్టికాయలతో నేర్చుకున్నారు. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాం. మాకన్నా ముందు ఇక్కడ పనిచేసిన ఒక కుటుంబం బదిలీ మీద వెళ్తూ, సామాను బరువు ఎక్కువైందని ఒక రేకు పెట్టె వదిలి వెళ్లింది. అందులో ఇప్పుడు 23 తెలుగు పుస్తకాలున్నాయి. ఈ ఏడాది చదివినవాటిలో కొన్నిటి గురించే ఇక్కడ చెబుతాం.

ఐదుగురికీ నచ్చిన పుస్తకం ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’. బాపు గారి బొమ్మలున్న పుస్తకం. అయితే మొదటి రోజు ఎవరికీ నచ్చలేదు. మాకసలే స్పెల్లింగు భయం. అందులో మాటలన్నీ తప్పుల తడకలా కనిపించాయి. ఒక సాయంత్రం మాలో ఒకరి అమ్మగారు చపాతీలు ఒత్తుతూ, పుస్తకం పైకి చదివించుకుని విన్నారు. అప్పుడు తెలిసింది, బుడుగు రాయడం లేదు, మాట్లాడుతున్నాడు. రెండో తరగతి చదివే చెల్లికి తెలుగులో ఒక్క అక్షరం రాదు. అయినా వారం రోజులు ‘జాటర్ ఢమాల్’ అంటూ క్వార్టర్స్ అంతా తిరిగింది. బాబాయికీ రెండు జెళ్ళ సీతకీ మధ్య నడిచే వ్యవహారానికి మాత్రం పెద్దవాళ్లు నవ్వినంతగా మేము నవ్వలేదు. ప్రైవేటు మాస్టర్ల మీద జోకులకు అందరం నవ్వాం, కారణం చెప్పక్కర్లేదు.

శంకరమంచి సత్యం గారి ‘అమరావతి కథలు’ గురించి మాలో గొడవైంది. మొత్తం వంద కథలు. 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఒక్కో కథ మూడు నాలుగు పేజీలే కాబట్టి మెల్లగా చదివేవాళ్లకు ఇది మంచి పుస్తకం. ‘వరద’ అన్న కథ అందరికీ నచ్చింది. కృష్ణ పొంగినప్పుడు ఊళ్లో పెద్దా చిన్నా తేడా మరిచి అందరూ కలిసి తింటారు. నీరు తీశాక మళ్లీ ఎవరి గీతలోకి వాళ్లు వెళ్లిపోతారు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత శిబిరాల్లో అందరూ ఒకే వంట తిన్న సంగతి ఇక్కడి పెద్దలు చెబుతుంటారు. ఆ మాటలు విన్నవాళ్లకు ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. కానీ ఇరవై కథలయ్యేసరికి మాలో ముగ్గురికి విసుగొచ్చింది. అదే కృష్ణ ఒడ్డు, అదే గుడి, అవే గంటలు. రాసినాయనకు ఆ ఊరంటే ప్రాణం, అది కనిపిస్తూనే ఉంటుంది. మాకా ఊరు తెలియదు. అదేకాదు, అంతగా ప్రేమించడానికి మాకంటూ ఏ ఊరూ లేదు. నేను పుట్టింది జామ్‌నగర్, ఒకటో తరగతి కొచ్చి, నాలుగు నుంచి ఇక్కడ అని మాలో ఒకరు అన్నారు. మిగతా నలుగురి లెక్కా అలాగే ఉంది. కాబట్టి మేము వెనకబడింది తెలుగులో కాదు, ఊరిలో. ఈ తేడా తెలిశాక ఆ పుస్తకం మీద కోపం పోయింది. అయినా అన్ని కథలూ ఒకేసారి చదవమని మాత్రం ఎవరికీ చెప్పం. రోజుకొకటి చాలు.

అదే ఊరి పుస్తకమైనా మహమ్మద్ ఖదీర్ బాబు గారి ‘దర్గామిట్ట కతలు’ దగ్గర ఈ ఇబ్బంది రాలేదు. నెల్లూరు వైపు ముస్లిం కుటుంబంలో పెరిగిన ఒక పిల్లవాడి కబుర్లు అవి. అట్ట మీద ‘కతలు’ అని ఉండటం చూసి అచ్చుతప్పనుకుని మాలో ఒకరు పెన్సిలుతో ‘థ’ దిద్దారు. దయచేసి దాన్ని చెరిపేయండి, అది అచ్చుతప్పు కాదు. అక్కడి యాస అలాగే ఉంటుంది, పుస్తకమంతా ఆ యాసే. మా ఇళ్లలో వినిపించేది ఉత్తరాంధ్ర యాస. కొన్ని మాటలు అస్సలు తెలియలేదు. అయినా ఆగకుండా చదివాం, ఎందుకంటే చెప్పేవాడు మన వయసువాడు. వాడికి ఊరి గొప్ప పట్టదు. ఇంట్లో డబ్బులు, అమ్మ కోపం, పండక్కి కొత్త బట్టలు, వాడి గోలంతా అదే. ఆ గోల ఏ క్వార్టర్స్‌లోనైనా ఒకటే.

కొన్ని పుస్తకాల గురించి పొట్టిగా చెప్పేస్తాం. గురజాడ గారి ‘కన్యాశుల్కం’ పూర్తి చేయలేకపోయాం. గిరీశం ఉన్నంతసేపు బాగుంటుంది. ఆయన లేని చోట పాత్రలెవరో గుర్తుపెట్టుకోవడానికి కాగితం మీద రాసుకోవలసి వచ్చింది. తెలుగులో ఇంగ్లీషు కలిపి మాట్లాడతారని మమ్మల్ని తిట్టే పెద్దలు మాత్రం 1897లో అచ్చయిన ఆ నాటకం ఒకసారి తిరగేయాలి. మహీధర నళినీమోహన్ గారి ‘కేలండర్ కథ’ మాలో సైన్సు ఇష్టమైనవాళ్లకు బాగా నచ్చింది. 1582లో తేదీల్లోంచి పది రోజులు తీసేశారంటే మొదట ఎవరూ నమ్మలేదు. శీతాకాలంలో సాయంత్రం ఐదింటికే చీకటిపడే చోట గడియారం గురించీ, పంచాంగం గురించీ చదివితే ఢిల్లీ పిల్లలకన్నా మనకే ఎక్కువ అనుమానాలు వస్తాయి.

ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’ పేరు చూసి పూజల పుస్తకమనుకున్నాం. కాదు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి. 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి, పెద్ద పరివారంతో కాశీ వెళ్లి, మరుసటి ఏడాది సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో చూసింది చూసినట్టు రాశారు. భాష పాతది, వాక్యాలు పొడవు. అన్ని పేజీలూ చదివామని అబద్ధం చెప్పం. కానీ ఆయన ప్రతి మజిలీలోనూ రాసేది ఏమిటో తెలుసా? నీళ్లు మంచివా, అంగళ్లు ఉన్నాయా, దిగడానికి చోటుందా, దారి ఎలాంటిది. బదిలీ ఆర్డరు రాగానే అమ్మ ఫోనులో అడిగే ప్రశ్నలు కూడా సరిగ్గా ఇవే. స్కూలు ఎంత దూరమన్న ప్రశ్న ఒక్కటే లేదు. ఆ పేజీలు అమ్మలకు వినిపించండి, బాగా నవ్వుతారు.

ఇక ‘వనవాసి’. బెంగాలీలో విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ రాసిన ‘ఆరణ్యక్’కు సూరంపూడి సీతారాం గారి తెలుగు ఇది. కలకత్తాలో ఉద్యోగం దొరక్క తిరుగుతున్న సత్యచరణ్‌కు బీహారులో ఒక అడవి ఎస్టేటు మేనేజరు పని దొరుకుతుంది. మొదట్లో ఆ చోటంటే గిట్టదు. మనుషులు లేరు, కబుర్లు లేవు, ఎప్పుడు వెనక్కి పోదామా అని చూస్తాడు. తర్వాత ఆ అడవిని వదల్లేనంత ఇష్టపడతాడు. కానీ అతని ఉద్యోగమే ఆ అడవిని ముక్కలు చేసి రైతులకు కౌలుకివ్వడం. ఇష్టపడ్డదాన్ని తన చేతులతోనే నరికిస్తాడు. మధ్యలో యుగళప్రసాద్ అనే మనిషి వస్తాడు. ఎవరూ అడగకుండానే ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి అడవిలో నాటుతూ తిరుగుతాడు. బొటానికల్ సర్వే వాళ్లబ్బాయి ఆ భాగం వాళ్ల నాన్నకు చదివి వినిపించాడు. ఆయన ఆకులు కాగితాల మధ్య అద్దడం ఆపి చివరిదాకా విన్నారు.

ఈ పుస్తకంలో మొదటి యాభై పేజీలు నెమ్మదిగా నడుస్తాయి, అది దాచం. కానీ పరాయిచోటికి ఉద్యోగం మీద వచ్చినవాడి మనసు ఎలా ఉంటుందో మా పెట్టెలో మరే పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు. ఇక్కడికి వచ్చిన మొదటి నెల మా ఇళ్లలోనూ అదే మాట వినిపించింది, ఎప్పుడు వెనక్కి పోతామని. చాతం రంపపు మిల్లు 1883 నాటిది. బడి తరఫున అక్కడికి వెళ్లినప్పుడు అందరం పడౌక్ దుంగల పక్కన ఫోటోలు దిగాం. ఈ పుస్తకం చదివాక ఆ ఫోటో చూస్తే ఆ దుంగలు ఏ అడవిలోవో, వాటిని లెక్కపెట్టి పంపిన ఉద్యోగి ఏమనుకున్నాడో అనిపిస్తోంది.

మేము ఎక్కువ రోజులు మాట్లాడుకున్న పుస్తకం ‘రైలుబడి’. జపాన్‌కు చెందిన తెత్సుకో కురొయనాగి తన చిన్నతనం గురించి రాసిన పుస్తకం ఇది. తొత్తోచాన్ అల్లరి భరించలేక మొదటి బడివాళ్లు వెళ్లిపొమ్మంటారు. రెండో బడిలో తరగతులు రైలుపెట్టెల్లో నడుస్తాయి. హెడ్‌మాస్టరు కొబయాషి గారు ఆ పిల్ల చెప్పేది నాలుగు గంటలపాటు కూర్చుని వింటారు. కొత్త బడిలో చేరే రోజు ఎలా ఉంటుందో మనకు చెప్పాలా? మేమందరం కలిపి పద్నాలుగు సార్లు చేరాం. టీసీ, మార్కుల జాబితా, ఫోటోలు, సంతకాలు అయిపోతాయి. నువ్వు చెప్పు అని నాలుగు గంటలు కాదు, నాలుగు నిమిషాలు అడిగినవాళ్లు కూడా తక్కువే. అందుకే ఆ అధ్యాయం ఒకరి తర్వాత ఒకరం మళ్లీ మళ్లీ చదివాం. ఇంత మంచి బడి ఉంటుందా అని మాలో ఒకరికి చివరిదాకా అనుమానమే.

పుస్తకం చివర్లో యుద్ధం వస్తుంది. తిండి తగ్గిపోతుంది, మనుషులు సైన్యంలోకి వెళ్లిపోతారు. 1945లో విమానాల నుంచి పడిన బాంబులకు ఆ బడి కాలిపోతుంది. ఇక్కడే మాలో మాట ఆగిపోయింది. ఆ బడి నడుస్తున్న రోజుల్లోనే, 1942 మార్చిలో, అదే జపాన్ సైన్యం మన పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది (ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయినా మా నోట ఇంకా పాతదే వస్తుంది). కార్బిన్స్ కోవ్ దారిలో సముద్రం వైపు కట్టిన బంకర్లు మనం రోజూ చూసేవే. 1944 జనవరి 30న కాల్చి చంపిన 44 మంది పేరిట హంఫ్రీగంజ్‌లో స్మారకం ఉంది. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న మా తరగతి స్నేహితుడికి ఈ పుస్తకం గురించి చెబితే, జపాన్ వాళ్లు బాగుండటమేమిటి అన్నాడు. వాళ్లింట్లో చెప్పుకునే మాటలు వేరు.

మాలో ఇద్దరు ఆ పుస్తకాన్ని తప్పు పట్టారు. యుద్ధం టోక్యో పిల్లల మీద పడినట్టే ఉందిగానీ, ఆ సైన్యం వెళ్లిన చోట్ల ఏం జరిగిందో ఒక్క మాట లేదన్నారు. మిగతా ముగ్గురూ ఒప్పుకోలేదు. ఆ పిల్ల అప్పుడు చాలా చిన్నది, తను చూసిందే రాసింది, చూడనిది రాస్తే అబద్ధమయ్యేదన్నారు. ఈ వాదన తేలలేదు. కానీ ఒక విషయంలో ఐదుగురం ఒక్కటే. ఈ పుస్తకాన్ని మన దీవుల్లో చదవడం, ఇంకెక్కడో చదవడం ఒకటి కాదు. చదివాక హంఫ్రీగంజ్‌కు వెళ్లండి. లేదా అక్కడికి వెళ్లొచ్చి చదవండి. ఆ స్నేహితుడికి ఇప్పుడు హిందీ ప్రతి వెతికి ఇచ్చాం. సగం అయ్యింది, ఇంకా ఏమీ చెప్పలేదు.

పెట్టెలో లేనిది కూడా చెప్పాలి. ఈ దీవుల్లో నడిచే తెలుగు కథ ఒక్కటి కూడా అందులో లేదు. జంగ్లీఘాట్ చేపల మార్కెట్‌లో నిలబడితే శ్రీకాకుళం తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది. విశాఖ ఓడ వచ్చిన రోజున హాడో రేవులో ఎంతమంది ఒకరినొకరు బావా, వదినా అని పిలుచుకుంటారో చూడండి. వాళ్ల కథ మా 23 పుస్తకాల్లో లేదు. బదిలీ పిల్లల కథా లేదు. మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉంటే పెట్టెకు ఇవ్వండి.

ఈ ఏప్రిల్‌లో మాలో ఇద్దరికి బదిలీ. ఒకరు గోవా, ఒకరు నాగపూర్. పుస్తకాలేవీ తీసుకెళ్లకూడదని మొదట అనుకున్నాం, తర్వాత ఒక్కొక్కరు ఒకటి తీసుకుని, దాని బదులు మరొకటి పెట్టి వెళ్లవచ్చని మార్చుకున్నాం. ‘బుడుగు’ మాత్రం ఎవరూ తీసుకెళ్లరు. వానాకాలంలో పెట్టె మూత తెరిచి ఉంచితే పేజీలకు బూజు పడుతుంది, నాఫ్తలీన్ ఉండలు అయిపోయాయి. తాళంచెవి తొమ్మిదో తరగతిలో అడగండి. ‘అమరావతి కథలు’లో మధ్యలో ఎనిమిది పేజీలు లేవు. అక్కడ ఏం జరిగిందో మీ ఇంట్లో ఎవరికైనా తెలిస్తే ఒక కాగితం మీద రాసి అందులో పెట్టండి.