గట్టిగా నొక్కితే రాని ఎఫ్

ఎన్‌ఐటీ కానివ్వండి, కాకతీయ యూనివర్సిటీ కానివ్వండి, హాస్టల్లో ఎవరో ఒక సీనియర్ దగ్గర గిటారు ఉంటుంది. జూనియర్ వెళ్లి "అన్నా, ఒక్కసారియ్యవా" అని తీసుకుంటాడు. జి, సి, డి... మూడు కార్డులు చూపిస్తాడు సీనియర్. పది రోజులు తిరిగేసరికి ఓ సినిమా పాట పల్లవి వచ్చేస్తుంది. రూమ్మేట్లు చప్పట్లు కొడతారు. ఇంకేం కావాలి?

ఆర్నెల్లయ్యాక ఎఫ్ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. చూపుడువేలిని కడ్డీలా పడుకోబెట్టి, మొదటి మెట్టు దగ్గర ఆరు తీగల మీదా వేయాలి. మోగాల్సిన చోట టక్ టక్‌మంటుంది. "అన్నా, ఎఫ్ వస్తలేదే" అంటే "వస్తదిరా, గట్టిగ ఒత్తు" అంటాడు సీనియర్. పాపం, ఆయనకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. చాలామంది గిటార్లు బీరువా మీదికి ఎక్కేది ఈ ఒక్క మాట వల్లే.

తీగ శుభ్రంగా మోగడానికి కావలసింది బలం కాదు, చోటు. వీణకు ఉన్నట్టే గిటారుకీ మెట్లుంటాయి. లోహపు మెట్టుకు ఆనీ ఆననట్టు, దాని వెనకే వేలు పెడితే కొద్దిపాటి ఒత్తిడి చాలు. రెండు మెట్ల నడిమధ్యలో పెడితే తీగ గిర్రుమంటుంది. ఆ గిర్రు పోవాలని కుర్రాడు ఇంకా నొక్కుతాడు. వేళ్లకు సాయంగా వెనకనుంచి బొటనవేలు పట్టకారులా బిగుస్తుంది. మణికట్టు వంగుతుంది. భుజం చెవి దాకా లేస్తుంది. వేళ్లు కనబడ్డం లేదని గిటారును ఒళ్లో వెల్లకిలా తిప్పుకుని దాని మీదికి వంగుతాడు. దాంతో మణికట్టు ఇంకా వంగుతుంది. అటు కుడిచేతిలో పిక్, జారిపోతున్న తాళంచెవిని పట్టుకున్నంత గట్టిగా ఉంటుంది. ఇన్ని తప్పులు ఎవరూ నేర్పలేదు. మొదటి తప్పును కప్పిపుచ్చడానికి మిగతావి వాటంతటవే వచ్చి చేరాయి.

తప్పంతా చేతిదేననుకోవడమూ అన్యాయమే. ఉక్కు తీగల గిటారు మీద ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బరువంత లాగుతుంటాయి. మే నెల వరంగల్ ఎండలో, అద్దాలు బిగించిన కారులో ఓ మధ్యాహ్నం వదిలేస్తే జిగురు మెత్తబడి బ్రిడ్జి లేవచ్చు, తీగలు పైకి తేలిపోవచ్చు. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగకీ మెట్టుకీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. నాలుగుంటే ఎంతటి విద్వాంసుడైనా పట్టకారు పట్టే పడతాడు. అందుకే వేళ్లను తిట్టుకునే ముందు గిటారును బాగుచేసేవాడికి ఓసారి చూపించడం మంచిది.

గిటారు బాగానే ఉంది, అలవాటు మాత్రం పదేళ్లది. అప్పుడెలా?

మెదడు పలక కాదు, తుడిచేయడానికి. పాత అలవాటు అలాగే ఉంటుంది, దాని పక్కన కొత్త దారి తొక్కుకోవాలి. అమెరికాలో డెస్టిన్ శాండ్లిన్ అనే ఇంజనీరు 2015లో ఓ వింత సైకిల్ని లోకానికి చూపించాడు. హ్యాండిల్ కుడికి తిప్పితే చక్రం ఎడమకు తిరుగుతుంది. చిన్నప్పట్నుంచీ సైకిల్ తొక్కుతున్న మనిషికి అది అలవడటానికి, రోజూ కాసేపు తొక్కితే, ఎనిమిది నెలలు పట్టింది. ఆయన చిన్న కొడుక్కి రెండు వారాలే పట్టింది. తమాషా ఏమిటంటే, తర్వాత మామూలు సైకిలెక్కితే అదీ రాలేదు! దాదాపు ఇరవై నిమిషాలు తంటాలు పడ్డాక పాతది ఒక్కసారిగా తిరిగొచ్చింది. రూములో చక్కగా వాయించిన కుర్రాడు స్ప్రింగ్ స్ప్రీ స్టేజీ ఎక్కగానే మళ్లీ మెడను పిసికేది కూడా ఇందుకే. కంగారులో చెయ్యి పాత దారే పడుతుంది.

టైపు ఇన్‌స్టిట్యూట్ల కాలం గుర్తున్నవాళ్లకు ఇది కొత్తేం కాదు. రెండు వేళ్లతో టకటకా కొట్టడం మరిగినవాణ్ణి పది వేళ్లకు మార్చడం కంటే, ఏమీ రానివాడికి నేర్పడం సులువు. మొదటి నెలలో ఆ పాతవాడి వేగం సగానికి పడిపోతుంది. చాలామంది మానేసేది అక్కడే. గిటారులోనూ అంతే. రెండో వారానికి పాత పద్ధతి పోతుంది, కొత్తది రాదు. నిన్నటి పాట ఇవాళ రాదు. ఈ ఘట్టం ఒకటుంటుందని ముందే తెలిస్తే సగం బెంగ తీరుతుంది.

చేయాల్సిన పనులు చూడ్డానికి చాలా చిన్నవి. వేలిని తీగ మీద ఊరికే ఆనించి మీటాలి. టక్‌మంటుంది. రవ్వంత నొక్కి మళ్లీ మీటాలి. గిర్రు పోయి స్వరం పలికిన క్షణాన ఆగిపోవాలి. కావలసిన ఒత్తిడి అంతే. ఇన్నాళ్లూ దానికి ఎన్ని రెట్లు పెడుతున్నామో తెలిసి నవ్వొస్తుంది. ఎదురుగా అద్దం ఉంటే గిటారు మీదికి వంగక్కర్లేదు. అన్నిటికన్నా కష్టమైనది ఇంకోటుంది. బాగా వచ్చిన పాటల్ని కొన్నాళ్లు ముట్టుకోకూడదు. పాత పాట మొదలుపెడితే పాత చెయ్యే వస్తుంది. కర్ణాటక సంగీతం గురువులకు ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. కీర్తనలు పాడేస్తూ వచ్చినవాణ్ణి కూడా మాయామాళవగౌళలో సరళీ వరుసల దగ్గర కూర్చోబెడతారు, అదీ మొదటి కాలంలో. శిష్యుడికి అవమానంగా ఉంటుంది. గొంతుకు మాత్రం మేలు జరుగుతుంది. రోజుకో గంట కుస్తీ పట్టడం కంటే పది నిమిషాల చొప్పున మూడుసార్లు కూర్చుంటే నయం, ఎందుకంటే అలసిన చెయ్యి ఎప్పుడూ పాతదాన్నే ఆశ్రయిస్తుంది.

అయితే పుస్తకంలో లేని ప్రతి పద్ధతీ తప్పు కాదు. 1928 నాటి అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిన్న జాంగో రైన్‌హార్ట్, మిగిలిన రెంటితోనే జాజ్ గిటారుకు కొత్త దారి వేశాడు. వెస్ మాంట్‌గోమరీ పిక్ ముట్టకుండా బొటనవేలితో వాయించాడు. జిమీ హెండ్రిక్స్ బొటనవేలు మెడ మీంచి ఇవతలికి వచ్చి తీగను నొక్కేది. అడగాల్సినవి రెండే: నొప్పి పుడుతోందా? కావలసిన పాటకు అడ్డొస్తోందా? రెంటికీ కాదంటే ఆ అలవాటు జోలికి పోనక్కర్లేదు.

నొప్పి మాత్రం మాటవరసకు అన్నది కాదు. వేలి కొసలు మండటం మామూలే, కాయకాస్తే పోతుంది. మణికట్టు సలుపు, తిమ్మిరి అలా కాదు. వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి. నొప్పి లేకుండానే వేళ్లు మాట వినకుండా ముడుచుకుపోయే ఫోకల్ డిస్టోనియా అనే జబ్బూ ఉంది. వృత్తి సంగీతకారుల్లో నూటికి ఒకరికి వస్తుందని అంచనా. అమెరికన్ క్లాసికల్ గిటారిస్టు డేవిడ్ లైస్నర్‌కు 1980లలో కుడిచేతికి వచ్చింది. వేళ్లను సతాయించడం మాని, భుజం, వీపు కండరాలతో వాయించడం మళ్లీ మొదట్నుంచీ నేర్చుకుని, ఏళ్ల తర్వాత కచేరీలకు తిరిగొచ్చాడు.

మరి ఎఫ్ సంగతి? చూపుడువేలు ఆరు తీగల మీద పడుకున్నా, నిజంగా మోగించాల్సింది మూడింటినే: పై చివర ఒకటి, కింది చివర రెండు. మిగతా మూడూ తక్కిన వేళ్లు చూసుకుంటాయి. వేలిని కాస్త పక్కకు ఒరిగించి ఎముక వైపు ఆనించాలి. బొటనవేలితో పిసకడం మాని, మోచేతి బరువుతో మెల్లగా వెనక్కి లాగినట్టు పట్టాలి. పైగా దాన్ని మొదటి మెట్టు దగ్గరే మొదలుపెట్టాలని ఎక్కడా రాసిలేదు. తీగ అన్నిటికంటే మొండిగా ఉండేది అక్కడే. అదే ఆకారాన్ని ఐదో మెట్టు దగ్గర వేస్తే 'ఏ' కార్డవుతుంది, సగం శ్రమతో మోగుతుంది. అక్కడ కుదిరాక నాలుగు, తర్వాత మూడు, రెండు... ఒకటో మెట్టుకు చివర్లో వస్తే సరి.